కదిలే ఇంట్లో ఆగిన హీటరు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించో, మెడికల్ బిల్లుల గురించో మాట్లాడమంటే కాగితం లేకుండా గంటసేపు మాట్లాడగలను. కార్యదర్శిగారు మాత్రం, "మీరు అమెరికా వెళ్ళొచ్చారు కదా, ఆ విశేషాలు చెప్పండి" అన్నారు. విశేషాలు ఫొటోల్లో చూసుకోవచ్చు. నేను ఒక్క రాత్రి గురించి, ఆ రాత్రి పనిచేయక మొరాయించిన ఒక హీటరు గురించి చెబుతాను. ఇక్కడ కూర్చున్న చాలామందికి పిల్లలు ఆ దేశంలోనే ఉన్నారు. అమ్మానాన్నలు వచ్చారని వాళ్ళు సరదాపడి మోటారు హోము అద్దెకు తీసుకోవడం ఇప్పుడు మామూలైంది. కనుక ఈ సంగతి మీకు పనికొస్తుందని నా నమ్మకం.

మోటారు హోము అంటే ఇంజనున్న ఇల్లు. లారీ చాసిస్ మీద కట్టిన ఓ గదీ వంటిల్లూ అనుకోండి. అందులోనే మంచాలు, గ్యాసు స్టవ్వు, ఫ్రిజ్జు, స్నానాలగది ఉంటాయి. డ్రైవరు నెత్తి మీద ఓ అటక ఉంటుంది, పిల్లలు అక్కడ పడుకుంటారు. నడిపేవాడికి లారీ, వెనక కూర్చున్నవాడికి ఇల్లు. మా ఆవిడ దాన్ని చూసి, "ఇదేమిటండీ, క్యాంపు క్లర్కులకు పనికొచ్చే ఇల్లు" అంది. నా ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో ఆమె అన్న మాటల్లో ఇంత కచ్చితమైనది మరొకటి లేదు.

మా అమ్మాయి వాళ్ళు అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ నగరంలో ఉంటారు. 2022 అక్టోబరులో దీపావళి వెళ్ళిన వారాంతం, గ్రాండ్ కాన్యన్ చూపిస్తామని బండి తెచ్చారు. ఫీనిక్స్ మన బెజవాడకు అన్నగారు, అక్టోబరు నెలాఖరుకి కూడా మధ్యాహ్నం చొక్కా తడిసింది. అద్దె కంపెనీ కుర్రాడు బండి అప్పగిస్తూ ఏ.సి. వేసి చూపించాడు. చల్లగాలి వచ్చింది, అందరం సంతోషించాం, అల్లుడు సంతకం పెట్టాడు. హీటరు వేసి చూపించమని ఒక్కరం అడగలేదు. ఆ ఎండలో హీటరు మాట ఎవరికి గుర్తొస్తుంది? అసలు తప్పు అక్కడే జరిగింది. ఫీనిక్స్ సముద్రమట్టానికి సుమారు 1,100 అడుగుల ఎత్తున ఉంది. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు ఇంచుమించు 7,000 అడుగులు. 230 మైళ్ళ ప్రయాణంలో మేము వేసవిలోంచి శీతాకాలంలోకి ఎక్కేశాం.

మొదటి రాత్రికి మాథర్ క్యాంప్‌గ్రౌండ్ అనేచోట స్థలం దొరికింది. చెట్ల మధ్య బండి ఆపుకునే జాగా, చూడముచ్చటగా ఉంది. కానీ అక్కడ బండికి కరెంటు కనెక్షను ఇవ్వరు. బండిలో ఉన్న బ్యాటరీయే దిక్కు. జనరేటరు ఉంది గాని, రాత్రిళ్ళు నడపకూడదని నిబంధన. సాయంత్రం జనరేటరు మీద అన్నం వండుకున్నాం, పప్పుచారు పెట్టుకున్నాం. గోడ మీద థర్మోస్టాట్‌ని 68 దగ్గర పెట్టి పడుకున్నాం. అది ఫారెన్‌హీట్ లెక్క, మన లెక్కలో 20 డిగ్రీలు. మొదట్లో హీటరు బాగానే పనిచేసింది.

రాత్రి రెండింటికి కీచుమని చప్పుడు. అర నిమిషం ఊరుకుని మళ్ళీ కీచు. కీచురాయి దూరిందేమో అనుకున్నాను. లేచి చూద్దునుగదా, నేల దగ్గర గోడకున్న గ్యాసు అలారం పెట్టె అది. అడుగున హీటరు ఫాను నీరసంగా తిరుగుతోంది, గొట్టాల్లోంచి వచ్చే గాలి మంచులా ఉంది. మా ఆవిడ వైపు లైటు వేశాను. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు, థైరాయిడ్ ఉంది, ఆ జబ్బున్నవారికి చలి ఎక్కువ. దుప్పటి నోట్లో కుక్కుకుని వణుకుతోంది, పెదవులు నల్లబడ్డాయి. "ఎప్పట్నించి?" అన్నాను. "పన్నెండింటి నుంచి. పిల్లలు ఇంత ఖర్చుపెట్టి తీసుకొచ్చారు, ఎందుకు లేపడం" అంది. నా ప్రాణం ఉసూరుమంది. మనందరి ఇళ్ళలోనూ ఈ మాట వినబడుతుంది కాబట్టే చెబుతున్నాను.

అల్లుడు లేచాడు, థర్మోస్టాట్‌ని 80కి పెంచాడు. ఏమీ లాభం లేదు. ఇంక స్టవ్వు రెండు బర్నర్లూ వెలిగించి, "మామయ్యగారూ, కాసేపు ఇలా సిమ్‌లో ఉంచుతాను, గది వెచ్చబడుతుంది" అన్నాడు. నేను వెళ్ళి రెండూ ఆర్పేశాను. అతను నొచ్చుకున్నాడు. అతని ఇంటికి వచ్చిన అతిథిని, పైగా మామగారిని, అతని భార్యాబిడ్డల ఎదుట అలా చెయ్యడం మర్యాద కాదు. కానీ నాకు ఆ నిమిషంలో మర్యాద గుర్తురాలేదు, 1977 డిసెంబరు గుర్తొచ్చింది.

అప్పుడు నేను ఎల్.డి.సి.ని. చింతపల్లి వైపు భూరికార్డుల పని మీద ముగ్గురం క్యాంపు వెళ్ళాం. లంబసింగి చలి మీలో ఏజెన్సీలో పనిచేసినవారు ఎరుగుదురు. బస చేసిన గదిలో కిటికీ సందుల్లో గోనెసంచులు కుక్కి, బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని తలుపు గడియ వేసుకుని పడుకున్నాం. తెల్లవారి వంటమనిషి తలుపు విరగ్గొట్టి మమ్మల్ని బయటికి లాగాడు. నాకు తలనొప్పి, వాంతులు రెండు రోజులు. రెండో ఆయనకూ అంతే. మూడో మిత్రుడు కుంపటికి దగ్గరగా పడుకున్నాడు. బతికాడు. నెల తర్వాత డ్యూటీలో చేరాడు. మా ఆఫీసులో కూడికలు అంతటి వేగంగా చేసేవాడు మరొకడు ఉండేవాడు కాదు. ఆ తర్వాత ఒక పేజీ కూడిక మూడుసార్లు చేస్తే మూడు మొత్తాలు వచ్చేవి. మేము చాటుగా సరిదిద్ది పెట్టేవాళ్ళం.

ఆ గదిలో మమ్మల్ని పడగొట్టింది కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు. బొగ్గయినా, గ్యాసయినా గాలి చాలక సరిగా మండనప్పుడు పుడుతుంది. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థాన్ని అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాడికి తెలిసేలోపు తెలిసే శక్తి పోతుంది. మోటారు హోము గది మా చింతపల్లి గది కంటే చిన్నది, తలుపులకు రబ్బరు బిగించి గాలి చొరకుండా కట్టింది. అందులో స్టవ్వు వెలిగించి నిద్రపోవడమంటే కుంపటి పక్కన పడుకోవడమే.

మరి ఆ బండి హీటరు కూడా గ్యాసుతోనే కదా మండేది అంటారు. నిజమే, కానీ అది మంటకు కావలసిన గాలిని బయటి నుంచి తీసుకుని, పొగను బయటికే వదులుతుంది. మంట ఒక ఇనుప పెట్టెలో ఉంటుంది. గదిలోని గాలి ఆ పెట్టె పైనుంచి పోతూ వేడెక్కుతుంది, రెండు గాలులూ కలవవు. ఆ పెట్టెకు చిల్లు పడితే తప్ప భయం లేదు. స్టవ్వుకి ఆ ఏర్పాటు లేదు.

ఆ రాత్రి ఏం చేశామంటే, కిటికీ తెరిచి, పై ఎగ్జాస్టు ఫాను వేసి, అయిదు నిమిషాలు స్టవ్వు మీద నీళ్ళు కాచి, వెంటనే ఆర్పేశాం. ఆ నీళ్ళు స్టీలు సీసాల్లో పోసి, గుడ్డ చుట్టి మా ఆవిడ పాదాల దగ్గర, పొట్ట దగ్గర పెట్టాం. ఉన్న స్వెట్టర్లన్నీ తొడిగాం. అందరం ఒకే మంచం మీద, ఆమెనీ మనవణ్ణీ మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. అల్లుడు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. తెల్లవారేసరికి బయట బకెట్టులో నీళ్ళ మీద మంచు పొర కట్టింది.

పొద్దున పక్క జాగాలో ఉన్న ఓ పెద్దాయన కాఫీ కప్పుతో వచ్చి పలకరించాడు. ఆయన కూడా మనలాంటివాడే, తపాలా శాఖలో చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక ఏడాదిలో సగం రోజులు అలాంటి బండిలోనే తిరుగుతాడట. సంగతి చెప్పాం. ఆయన తన బండిలోంచి వోల్టుమీటరు తెచ్చి, మెట్టు కిందున్న బ్యాటరీకి పెట్టాడు. "ఇప్పుడు హీటరు వెయ్యి" అన్నాడు. ఫాను తిరగ్గానే ముల్లు పదిన్నర కిందకి పడింది. ఆయన నవ్వాడు, "మీ హీటరు బాగానే ఉంది, మీ బ్యాటరీ ముసలిదైపోయింది, నాలాగా" అన్నాడు. అల్లుడు తర్జుమా చేస్తుంటే ఆయన చెప్పినదంతా కవరు వెనకాల రాసుకున్నాను. రాసుకుంటుంటే నాకు ఒకటి తట్టింది. ఇదంతా మన ఫైలు నడకే.

థర్మోస్టాట్ వేడి పుట్టించదు. అది ఒక స్విచ్చి మాత్రమే. గది చల్లబడిందని అర్జీ పెడుతుంది, అంతే. అర్జీ రాగానే ముందు ఫాను తిరుగుతుంది, మంట రాదు. లోపల పాత గ్యాసు ఏమైనా మిగిలి ఉంటే ఊడ్చిపారెయ్యడానికి ఆ ఏర్పాటు. ఫాను గాలి దారిలో సెయిల్ స్విచ్చి అని పలచని రేకు ఉంటుంది, పడవ తెరచాపలాగ. గాలి తగినంత జోరుగా తగిలితేనే అది వంగి స్విచ్చి కలుస్తుంది. అంటే 'తనిఖీ చేయబడినది' అని గుమాస్తా ఇనిషియల్ పెట్టినట్టు. తర్వాత లిమిట్ స్విచ్చి, పెట్టె మరీ కాలిపోవడం లేదని దాని సంతకం. ఈ రెండు సంతకాలూ చూసి సూపరింటెండెంటుగారు, అంటే లోపలి సర్క్యూటు బోర్డు, ఓ పదిహేను సెకన్లు ఆగి గ్యాసు వాల్వు తెరిచి, టిక్కు టిక్కుమని నిప్పురవ్వ వేయిస్తారు. కొద్ది సెకన్లలో మంట కనబడకపోతే గ్యాసు మూసేస్తారు. చాలా మోడళ్ళలో మూడుసార్లు ప్రయత్నించి, ఆ తర్వాత కొర్రీ వేసి ఫైలు మూసేస్తారు. ఇక థర్మోస్టాట్ ఆపి మళ్ళీ వేస్తే తప్ప, అంటే కొత్త అర్జీ పెడితే తప్ప, కదలరు.

మా అల్లుడు 80కి పెంచడం ఎందుకు పనిచెయ్యలేదో ఇప్పుడు తెలుస్తుంది. అర్జీలో ఎంత పెద్ద అక్షరాలు రాసినా, ఫైలు గుమాస్తా దగ్గర ఆగినప్పుడు ఏం లాభం? బ్యాటరీ నీరసించింది, ఫాను నెమ్మదిగా తిరిగింది, రేకు వంగలేదు, సంతకం పడలేదు. కాబట్టి గ్యాసు రాలేదు. ఫాను మాత్రం తిరుగుతూ ఉన్న కాస్త బ్యాటరీని కూడా తాగేసింది. ఈ ఫాను మామూలుది కాదు, పన్నెండు వోల్టుల మీద ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. చలిలో బ్యాటరీ సత్తువ ఇంకా తగ్గుతుంది. నిండా ఛార్జి ఉన్న మంచి బ్యాటరీ ఏ పనీ లేకుండా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి, 12 దగ్గరికి వచ్చిందంటే ఖాళీ అవుతోందని లెక్క. రాత్రి కీచుమన్న అలారం కూడా అదే బ్యాటరీ మీద నడుస్తుంది. వోల్టులు పడిపోయాయని అది రెండు గంటలకే చెప్పింది, మాకే అర్థం కాలేదు. అయితే అలారం కీచుమన్న ప్రతిసారీ బ్యాటరీయే అనుకుని పడుకోకూడదు. ఆగకుండా గట్టిగా మోగిందంటే గ్యాసు లీకో, విషవాయువో. ముందు అందరూ బయటికి రావాలి, కారణం తర్వాత వెదుక్కోవచ్చు.

జనరేటరు వేళ మొదలవగానే వేశాం. థర్మోస్టాట్ ఆపి మళ్ళీ వేశాం. పావు నిమిషం ఫాను, టిక్కు టిక్కు, భుగ్గుమని చప్పుడు. వెచ్చటి గాలి వచ్చింది. మా ఆవిడ ఆ గొట్టం ముందు చేతులు పెట్టుకుని కూర్చుంది, కాన్యన్ చూడ్డానికి పదింటికి గాని కదలలేదు.

రెండో రాత్రి దగ్గర్లోనే కరెంటు కనెక్షను ఇచ్చే ట్రెయిలర్ విలేజ్‌కి మారాం. బ్యాటరీ బాధ తీరింది. అయినా వెనక గదిలో చలి తగ్గలేదు! ఈసారి నేనే కవరు తీసి ఫైలు వెదకడం మొదలుపెట్టాను. ఫాను జోరుగా ఉంది, మంట వస్తోంది, కాసేపటికి ఆరిపోతోంది, ఫాను తిరుగుతూనే ఉంది. కిందకి వంగి చూస్తే, హీటరు గదిలోంచి గాలి పీల్చుకునే జాలీకి ఆనించి మనవడి కోట్లు, బూట్లు, మా సూట్‌కేసు గుట్టగా ఉన్నాయి. గాలి ఆడక పెట్టె కాగిపోయి, లిమిట్ స్విచ్చి సంతకం వెనక్కి తీసుకుంటోంది. సామాను జరిపాం. మంట నిలబడింది.

ఇంకా ఒక చిక్కు మిగిలింది. అమ్మాయి సాంబారు పెడుతున్నంతసేపూ హీటరు అసలు కదలలేదు. థర్మోస్టాట్‌ని వంటగట్టు పక్కన బిగించారు మహానుభావులు. స్టవ్వు సెగ తగిలి, ఇల్లంతా వెచ్చగానే ఉందని అది అనుకుంటోంది. వెనక మంచం మీద మా ఆవిడ వణుకుతోంది. కలెక్టరాఫీసులో కూర్చుని ఏజెన్సీలో వానలు బాగున్నాయని రిపోర్టు రాసినట్టుంది వ్యవహారం. థర్మోస్టాట్ తను ఉన్నచోటి సంగతే చెప్పగలదు. తలుపు పక్కనుంటే చలి ఎక్కువ చెబుతుంది, దీపం కిందో వేడిగాలి గొట్టం ఎదుటో ఉంటే తక్కువ చెబుతుంది. దానికి మందు లేదు, వంట అయ్యేదాకా అంకె పెంచి, తర్వాత తగ్గించుకోవడమే.

తపాలా పెద్దాయన చెప్పినవి మరికొన్ని ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. థర్మోస్టాట్ వేసినా ఫాను కూడా తిరగకపోతే ఫ్యూజు చూడాలి, ఆ తర్వాత థర్మోస్టాట్‌ని అనుమానించాలి. పాతరకం రెండు తీగల థర్మోస్టాట్ అయితే మూత తీసి ఆ రెండు తీగలూ కలిపి చూస్తారట, హీటరు అందుకుంటే లోపం థర్మోస్టాట్‌లో ఉన్నట్టు. ఏ.సి.కి కూడా కలిపి అంకెలు వెలిగే కొత్తరకాల్లో ఆ పని చెయ్యకూడదు, అద్దెబండిలో అసలే కూడదు, కంపెనీకి ఫోను చెయ్యాలి. టిక్కు టిక్కుమని మంట రాకపోతే స్టవ్వు వెలిగించి చూడండి. స్టవ్వూ వెలగకపోతే సిలిండరు ఖాళీ, లేదా వాల్వు చటుక్కున తిప్పడం వల్ల భద్రత కోసం పెట్టిన అడ్డు పడిపోయింది. వాల్వు మూసి, కాస్త ఆగి, నెమ్మదిగా తెరవాలి. బండి చాలాకాలం వాడకుండా ఉంటే బయట పొగగొట్టంలో కందిరీగలు మట్టిగూళ్ళు కడతాయి, ఆ గ్యాసు వాసన వాటికి ఇష్టమట.

మనవాళ్ళకు ఒక సందేహం వస్తుంది, చలికి గ్యాసే గడ్డకట్టిందేమోనని. మన వంటగ్యాసులో బ్యూటేన్ ఉంటుంది, అది సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. అక్కడి బండ్లలో వాడేది ప్రొపేన్. మైనస్ 42 డిగ్రీల దాకా అది ఆవిరవుతూనే ఉంటుంది. కనుక గ్రాండ్ కాన్యన్ చలికి దాని మీద నేరం మోపలేం.

మీ పిల్లలు ఇలాంటి బండి తెస్తే, ఎండాకాలమైనా సరే, అద్దె కంపెనీ ఆవరణలోనే హీటరు పావుగంట వేసి చూపించమనండి. విషవాయువు అలారం మీద పరీక్ష బొత్తాం ఉంటుంది, నొక్కించండి. బ్యాటరీ ఎప్పటిదో అడగండి. కరెంటు లేనిచోట రాత్రి బస అయితే సాయంత్రం జనరేటరుతో ఛార్జి నింపి, రాత్రి 68 బదులు 60 పెట్టుకుని ఒక దుప్పటి ఎక్కువ కప్పుకుంటే బ్యాటరీ తెల్లవారేదాకా వస్తుంది. సందేహముంటే మీ వయసు చెప్పి కరెంటున్న జాగాయే తీసుకోమనండి, ఖర్చు కాస్త ఎక్కువైనా. చలేస్తే లేపండి. పన్నెండింటికే లేపండి.

తిరుగు ప్రయాణం నాటి పొద్దున అల్లుడు స్టవ్వు తుడుస్తూ, "మామయ్యగారూ, ఇటు రండి" అన్నాడు. స్టవ్వు పక్కన చిన్న అక్షరాలతో ఒక చీటీ అతికించి ఉంది. గది వేడి కోసం ఈ స్టవ్వు వాడరాదు అని దాని సారాంశం. నాకు చదివి వినిపించి, "రోజూ దీని ముందే టీ పెట్టాను, చూడలేదు" అన్నాడు. నేను చింతపల్లి మిత్రుడి సంగతి అప్పుడు చెప్పాను. అంతకుముందు మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఆమె అదిగో, మూడో వరుసలో కూర్చుంది. చలి సంగతి ఇంకా ఏమైనా తెలుసుకోవాలంటే ఆమెనే అడగండి. ఆ కవరు నా జేబులో ఉంది, కావలసినవారు కాపీ రాసుకోవచ్చు.